థేలీస్ ఒక్క పుస్తకం రాయలేదట, మరి ఆయన మీద ఇన్ని పేజీలు ఎక్కణ్నుంచి వచ్చాయి?

సందేహాల_సాంబయ్య
గ్రీకు తత్వశాస్త్ర చరిత్ర ఒకటి లైబ్రరీలో కనిపిస్తే తెచ్చుకుని చదువుతున్నాను. మొదటి అధ్యాయం థేలీస్. మిలేటస్ ఊరివాడు, క్రీ.పూ. 6వ శతాబ్దం, అన్నిటికీ మూలం నీరు అన్నాడు. బాగానే ఉంది. నీరే ఎందుకన్నాడు, ఆ ఒక్క మాటతో పురాణం నుంచి శాస్త్రం ఎలా విడివడింది అని పేజీలకు పేజీలు. తీరా అధ్యాయం చివర చిన్న అక్షరాల్లో ఏముందంటే, ఆయన రాసినదేదీ దక్కలేదట, అసలు రాశాడో లేదో కూడా తెలియదట! ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క మొదట్లోనే చెప్పాలి కదా. తర్వాత అనాక్సిమాండర్ దగ్గరికొస్తే ఆయనది మిగిలింది ఒకే ఒక్క వాక్యం. హెరాక్లిటస్‌వి ముక్కలు. సోక్రటీస్ రాయలేదని అందరికీ తెలుసు, ఆయన్ని వదిలేద్దాం. పుస్తకాలే లేని మనుషుల మీద ఇంత లావు చరిత్ర ఎలా రాశారు? తెలిసినవాళ్లు చెప్పండి. వికీపీడియా చూడమని మాత్రం చెప్పకండి, చూశాకే అడుగుతున్నాను.

మిరపకాయ్_బజ్జీ
రాయని భాస్కరులన్నమాట, బ్యాచ్ మొత్తం.

ఆప్షనల్_అన్న
సివిల్స్ ఫిలాసఫీ సిలబస్ నేరుగా ప్లేటో, అరిస్టాటిల్‌తో మొదలవుతుంది. థేలీస్ లేడు. యూపీఎస్సీకీ మీ అనుమానమే వచ్చినట్టుంది.

పాత_కాగితం
సాంబయ్యగారి కోపంలో న్యాయం ఉంది. చాలా పుస్తకాలు ఈ సంగతి దాచకపోయినా, మూలకు నెట్టేస్తాయి.

దక్కినవి రెండు రకాలు. ఒకటి, తర్వాతి రచయిత ఎవరో పాతాయన మాటల్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసినవి. రెండోది, "ఫలానా ఆయన ఇలా అనేవాడు" అని తన మాటల్లో చెప్పినవి. హెర్మన్ డీల్స్ అనే జర్మన్ పండితుడు 1903లో ఈ రెంటినీ విడగొట్టి పుస్తకం వేశాడు. ఒకరి గురించి ఇతరులు చెప్పినవి ఎ అనే గుంపు, సొంత మాటలు బి అనే గుంపు. ఇప్పటికీ సోక్రటీస్ ముందువాళ్ల మీద ఎవరు రాసినా ఆ నంబర్లే వాడతారు. థేలీస్ విషయంలో నమ్మదగ్గది అంతా ఎ గుంపే. నీటి సంగతి మనకు చెప్పింది అరిస్టాటిల్, అదీ రెండు వందల ఏళ్లు దాటాక. నీరే ఎందుకన్నాడంటే, తిండిలో తడి ఉంటుంది, విత్తనాల్లో తడి ఉంటుంది, అందుకని అయి ఉండొచ్చు అని అరిస్టాటిలే ఊహించి రాశాడు. మీరు చదివిన పేజీల్లో సగం ఆ "అయి ఉండొచ్చు" మీద కట్టినవే.

పార్మెనిడీస్ కథ వేరు. ఆయన రాసింది పద్యకావ్యం. అందులో దాదాపు 160 పంక్తులు మనకున్నాయి. ఎక్కువ భాగం సింప్లీషియస్ అనే ఒక్క మనిషి పుణ్యం. ఈయన క్రీ.శ. 6వ శతాబ్దం వాడు. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్స్‌లో తత్వశాస్త్రం చెప్పకూడదని ఆపించేస్తే, గురువు డమాషియస్‌తో, మరికొందరితో కలిసి పారశీక రాజు ఖుస్రో కొలువుకు వెళ్లాడు. అక్కడ ఇమడలేక వెనక్కి వచ్చారు. తర్వాత అరిస్టాటిల్ ఫిజిక్స్‌కు వ్యాఖ్యానం రాస్తూ, పార్మెనిడీస్ ప్రస్తావన వచ్చిన చోట ఆగి, ఈ పుస్తకం ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు కాబట్టి ఈ పంక్తులు ఇక్కడ చేరుస్తున్నాను అని చెప్పి మరీ ఎత్తి రాశాడు. ఆ పూట ఆయనకు బద్ధకం వేసి ఉంటే పార్మెనిడీస్ కూడా మీ థేలీస్ పక్కన కూర్చునేవాడు.

సందేహాల_సాంబయ్య
వివరంగా చెప్పారు, సంతోషం. కానీ పార్మెనిడీస్‌కీ ఈ సింప్లీషియస్‌కీ మధ్య వెయ్యేళ్లు. వెయ్యేళ్ల తర్వాత ఒకాయన "ఇవి ఆయన మాటలే" అంటే నమ్మేయడమేనా? మా ముత్తాత పేరు మీదున్న దస్తావేజు వందేళ్లది, దాన్నే రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమ్మలేదు.

పాత_కాగితం
నమ్మడానికి ఒక పరీక్ష ఉంది. సింప్లీషియస్ ప్లేటో నుంచి కూడా ఎత్తి రాస్తాడు. ప్లేటో గ్రంథాలు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మనిషి జాగ్రత్తపరుడని అక్కడ తెలిసిపోతుంది.

ఇంకో గట్టి సాక్ష్యం, సోక్రటీస్ ముందువాళ్లలో ఒకడైన ఎంపెడోక్లీస్ పెపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం). 1904లో ఈజిప్టులో అఖ్మీమ్ దగ్గర కొన్నారు. పాత పుస్తకపు చుట్టను చింపి, శవానికి పెట్టే అలంకారంలో రాగి రేకులకు ఆధారంగా అంటించారు. అది స్ట్రాస్‌బర్గ్ లైబ్రరీలో దశాబ్దాల పాటు పడి ఉంది, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. 1990లలో బెల్జియం పండితుడు అలాన్ మార్టిన్ ఆ ముక్కలు అతికించి చూస్తే ఎంపెడోక్లీస్ పద్యాలు! 1999లో అచ్చయ్యాయి. విశేషమేమిటంటే, సింప్లీషియస్ ఎత్తి రాసిన 35 పంక్తుల భాగం ఒకటి ఉంది. దాని చివరి పంక్తులు ఈ పెపైరస్‌లో కనిపించాయి, ఆయన ఆపిన చోటి నుంచి పద్యం ముందుకు సాగింది. ఆయన చేతిలో నిజంగా పుస్తకం ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

కరీంనగర్_కాకా
శవం మీది అట్టల్లోంచి తత్వశాస్త్రం తీసిన్రా! మనోళ్లు పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్ముతుంటే ఇకనుంచి ఆపుతా.

లెక్కల_మాష్టారు
పాత_కాగితం గారూ, సింప్లీషియస్‌ను ఒప్పుకుంటాను. అరిస్టాటిల్‌ను మాత్రం అంత తేలిగ్గా సాక్షిగా నిలబెట్టకండి. మెటాఫిజిక్స్ మొదటి భాగంలో ఆయన చేసే పని చూడండి. తన దగ్గర నాలుగు కారణాల సిద్ధాంతం ఉంది. పదార్థం, రూపం, కదలిక పుట్టించేది, ప్రయోజనం. ముందువాళ్లందర్నీ వరసగా నిలబెట్టి ఎవరు ఎన్ని కారణాలు పట్టుకోగలిగారో చూసి మార్కులు వేస్తాడు. థేలీస్ పదార్థం ఒక్కటే చెప్పాడు, పాస్ మార్కులు. ఎంపెడోక్లీస్‌కు ఇంకాస్త ఎక్కువ. ఆఖరికి, తొలినాటి తత్వశాస్త్రం మాటలు రాని పసిపిల్లలా నత్తినత్తిగా పలికింది అనేస్తాడు. స్పష్టంగా పలికింది ఎవరో వేరే చెప్పాలా?

హెరాల్డ్ చెర్నిస్ 1935లోనే ఈ విషయం మీద పుస్తకం రాశాడు. అరిస్టాటిల్ చరిత్ర రాయలేదు, తన వాదానికి పనికొచ్చేలా పాతవాళ్లను సర్దుకున్నాడు అని. థేలీస్ "మూలం" అన్న ప్రశ్న వేశాడో లేదో కూడా మనకు తెలియదు. ఆ ప్రశ్న అరిస్టాటిల్‌ది. జవాబు మాత్రం థేలీస్ ఖాతాలో పడింది. నలభై బ్యాచ్‌ల పిల్లల పేపర్లు దిద్దినవాణ్ని, ఆన్సర్ కీ ముందే రాసుకుని పేపర్ దిద్దే మాష్టార్లను చాలామందిని చూశాను.

పాత_కాగితం
చెర్నిస్ కాస్త ఎక్కువ దూరం వెళ్లాడు మాష్టారూ. అరిస్టాటిల్‌ను తీసేస్తే మీ దగ్గర మిగిలేది ఏముంది?

లెక్కల_మాష్టారు
ఏమీ మిగలదు. మిగలనప్పుడు మిగల్లేదని రాయాలి. సాంబయ్యగారు అడుగుతున్నది కూడా అదే.

స్టోయిక్_సత్తి
ఇందుకే నేను ఆ పాత గొడవల జోలికి పోను. పొద్దున్నే మార్కస్ ఆరీలియస్ రెండు పేజీలు చదువుతాను. రోమ్ చక్రవర్తి, స్టోయిక్ మార్గంవాడు, యుద్ధ శిబిరంలో తన కోసం తను రాసుకున్న నోట్సు. ముక్కలు కాదు, ఎవరో చెప్పిన మాటలు కాదు, పూర్తి పుస్తకం. ఆఫీసులో ఎంత టెన్షన్ ఉన్నా అది చదివితే దిగిపోతుంది. స్టోయిక్స్‌కి ఈ సమస్య లేదు బాస్.

నిశాచరి
సత్తి అన్నా, స్టోయిక్స్‌కి ఉన్నంత సమస్య ఎవరికీ లేదు. నీ గురువుల గురువు క్రిసిప్పస్ 705 పుస్తకాలు రాశాడు. దక్కినవి ఎన్నో చెప్పు?

స్టోయిక్_సత్తి
ఎన్ని?

నిశాచరి
పూర్తిగా దక్కింది సున్నా. స్థాపకుడు జెనోవి సున్నా. రెండో గురువు క్లీంథీస్‌ది గ్రీకు దేవుడు జియుస్ మీద ఒక స్తోత్రం దక్కింది, అదీ ఎవరో సంకలనంలో ఎక్కించుకోబట్టి.

పాత_కాగితం
నిశాచరి చెప్పింది నిజం. స్టోయిక్కుల బడి క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్స్‌లో బొమ్మలు వేసిన ఒక వసారాలో మొదలైంది. సత్తి చదివే మార్కస్ చక్రవర్తి క్రీ.శ. 2వ శతాబ్దం వాడు, బడికి దాదాపు నాలుగున్నర శతాబ్దాల తర్వాతివాడు. మధ్యలో అసలు సిద్ధాంతం కట్టినవాళ్ల గ్రంథాలు మొత్తం పోయాయి. క్రిసిప్పస్ మాటలు ఎక్కువగా ఎక్కడున్నాయో తెలుసా? ప్లూటార్క్ దగ్గర. ప్లూటార్క్ ప్లేటో పక్షం, స్టోయిక్కుల మాటల్లో పరస్పర వైరుధ్యాలు చూపించడానికే ఒక పుస్తకం రాసిన మనిషి. అత్తగారు చెప్పే మాటల్లోంచి కోడలి గుణం కనిపెట్టడం లాంటి పని ఇది. ఒక్కటే ఉపకారం, తప్పు పట్టడానికైనా మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి చూపించాలి కాబట్టి చూపించాడు.

మిరపకాయ్_బజ్జీ
705 పుస్తకాలా! ఏం రాశాడు బాబూ అన్ని?

పాత_కాగితం
ఆ వెటకారం అప్పట్లోనే ఉంది. స్టోయిక్కులకు పోటీ అయిన ఎపిక్యూరస్ మార్గంవాడు అపొల్లోడోరస్, క్రిసిప్పస్ పుస్తకాల్లోంచి ఇతరుల మాటలు తీసేస్తే ఖాళీ కాగితం మిగులుతుందన్నాడట. ఒక పుస్తకంలో అయితే యూరిపిడీస్ రాసిన 'మెడియా' నాటకాన్ని దాదాపు మొత్తం దించేశాడట. దాన్ని చదువుతున్నవాణ్ని ఏం చదువుతున్నావని అడిగితే "క్రిసిప్పస్ మెడియా" అన్నాడని కథ. ఈ ముచ్చట్లన్నీ డయోజినీస్ లేయర్షియస్ రాసిన తత్వవేత్తల జీవితాల్లో ఉన్నాయి. ఆయన క్రిసిప్పస్ పుస్తకాల జాబితా కూడా ఇస్తాడు. చేతిరాత ప్రతుల్లో ఆ జాబితా కూడా మధ్యలో తెగిపోయింది!

స్టోయిక్_సత్తి
సరే పోయాయి. నాకేం నష్టం? ఎపిక్టెటస్ ఉన్నాడు, సెనెకా ఉన్నాడు, మార్కస్ ఉన్నాడు. మనిషి ఎలా బతకాలో ముగ్గురూ చెప్పారు. మీరు చరిత్ర కోసం ఏడుస్తున్నారు, నాకు బతకడానికి కావాల్సింది దొరికింది.

లెక్కల_మాష్టారు
నష్టం ఉంది నాయనా. స్టోయిక్కులు అంటే ఓర్పు, నిగ్రహం, పొద్దున్నే చన్నీళ్ల స్నానం అని జనం అనుకోవడానికి కారణమే ఇది. నీతి చెప్పిన పుస్తకాలు దక్కాయి, తర్కం చెప్పినవి పోయాయి. క్రిసిప్పస్‌కు ఆ రోజుల్లో పేరు వచ్చింది తర్కంతో. అరిస్టాటిల్ "మనుషులందరూ" "కొందరు" అంటూ పదాలతో లెక్క చేశాడు. క్రిసిప్పస్ పూర్తి వాక్యాలతో చేశాడు. మొదటిదైతే రెండోది, మొదటిది అవును, కాబట్టి రెండోది. మీ కంప్యూటర్లో ఇఫ్, ఆర్, నాట్ అని రాస్తారే, ఆ దారి. ఈ సంగతి 19వ శతాబ్దపు చరిత్రకారులకు పట్టలేదు, అదంతా పనికిరాని పిడివాదం అని కొట్టిపారేశారు. 1930లలో పోలండ్ తర్కవేత్త లుకాషెవిచ్ చూసి, ఇది అరిస్టాటిల్ తర్కం కాదు, వేరే తర్కం అని చెప్పాకే లోకానికి తెలిసింది. 1953లో బెన్సన్ మేట్స్ దాని మీద పూర్తి పుస్తకం రాశాడు.

ఒక చిన్న ముచ్చట చెబుతాను. క్రిసిప్పస్ కుక్క. వేటకుక్క జంతువును తరుముతూ మూడు దారులు కలిసే చోటికి వచ్చింది. మొదటి దారి వాసన చూసింది, లేదు. రెండోది చూసింది, లేదు. మూడో దారి వాసన చూడకుండానే దూకి పరిగెత్తింది. అది ఇటో, అటో, ఆవైపో పోయి ఉండాలి, ఇటు పోలేదు, అటు పోలేదు, కాబట్టి ఆవైపే. కుక్క కూడా తర్కం చేస్తోందన్నాడు. ఇది మనకు చెప్పింది ఎవరు? సెక్స్టస్ ఎంపిరికస్, స్టోయిక్కులను ఎండగట్టే సంశయవాది. మళ్లీ ప్రత్యర్థే!

ఆప్షనల్_అన్న
మాష్టారూ, ఆ కుక్క గురించి ఒక్క కోచింగ్ మెటీరియల్‌లోనూ లేదు. దాచుకుంటున్నా.

గుంటూరు_ఘాటు
సాంబయ్యగారూ, గ్రీకుల మీద ఇంత అనుమానం వచ్చింది, మనవాళ్ల మీద ఎప్పుడైనా వచ్చిందా? ఆంధ్రులకు 30 కోట నగరాలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు అని చిన్నప్పటి నుంచి మెగస్తనీస్ పేరు మీద బట్టీ కొట్టాం. మెగస్తనీస్ ఇండికా పోయింది. ఆ అంకెలున్నది క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ ప్లినీ పుస్తకంలో. ప్లినీ అక్కడ ఎవరి నుంచి తీసుకున్నాడో చెప్పడు, మెగస్తనీస్ నుంచే అయి ఉంటుందని పండితుల ఊహ. గ్రూప్స్ గైడ్‌లో ఆ "అయి ఉంటుంది" ఎగిరిపోయింది.

చార్వాకులదీ అంతే. వాళ్ల సూత్రాలు పోయాయి. మనకు తెలిసింది ఎక్కువ భాగం 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం వల్ల. రాసింది అద్వైతి మాధవాచార్యుడు. మొదటి అధ్యాయంలోనే చార్వాకుణ్ని పెట్టాడు, తర్వాత వరసగా పడగొట్టడానికి.

నాగార్జునుడిది ఇంకా దగ్గర పోలిక. మూలమధ్యమక కారికలు సంస్కృతంలో చేతికందింది చంద్రకీర్తి వ్యాఖ్యానం ప్రసన్నపదలో ఇమిడి ఉండబట్టి. అంటే చంద్రకీర్తి మన సింప్లీషియస్. శాతవాహన రాజుకు రాసిన ఉత్తరం సుహృల్లేఖ అయితే సంస్కృతంలో లేనే లేదు, టిబెటన్‌లో, చైనీస్‌లో ఉంది.

సందేహాల_సాంబయ్య
ఇది నాకు తెలియదు. ఏనుగుల లెక్క పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

సరే, ఇంకో ప్రశ్న. ప్లేటోవి మాత్రం అన్నీ ఎలా దక్కాయి? అరిస్టాటిల్‌వి కూడా చాలానే ఉన్నాయి కదా.

పాత_కాగితం
చదివించే బడి ఉంటే పుస్తకం బతుకుతుంది, అంతే. పెపైరస్ ఎక్కువ కాలం నిలవదు, తడి తగిలితే కుళ్లిపోతుంది. మళ్లీ మళ్లీ రాయించాలి. అది ఖర్చు. ఎవరికి అవసరమో వాళ్లే పెడతారు. ప్లేటో బడి, ఆయన్ని గురువుగా తలచే తర్వాతివాళ్లు ప్రాచీన యుగం చివరి వరకూ ఉన్నారు, కాబట్టి ఆయన సంభాషణలు అన్నీ ఉన్నాయి. 895లో అరెథాస్ అనే బైజాంటైన్ మతాచార్యుడు డబ్బిచ్చి జాన్ అనే లేఖకుడితో తోలు కాగితం మీద రాయించుకున్న ప్లేటో ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో ఇప్పటికీ ఉంది. క్రిసిప్పస్‌ను చదివించే బడి 3వ శతాబ్దం తర్వాత లేదు. తిరగరాయించేవాడు లేడు.

అరిస్టాటిల్‌ది తమాషా. ఆయన జనం కోసం రాసి విడుదల చేసిన సంభాషణలు పోయాయి. రోమన్ వక్త సిసిరో ఆ శైలిని బంగారు ప్రవాహం అని పొగిడాడు. ఇప్పుడు మనం చదివే అరిస్టాటిల్‌లో బంగారమూ లేదు, ప్రవాహమూ లేదు. ఎందుకంటే ఇవి బళ్లో పాఠం చెప్పుకోవడానికి రాసుకున్న నోట్సు!

నిశాచరి
అరిస్టాటిల్ పుస్తకాల్ని పురుగులు తిన్న కథ చెప్పండి.

పాత_కాగితం
గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో చెప్పిన కథ. అరిస్టాటిల్ పుస్తకాలు శిష్యుడు థియోఫ్రాస్టస్‌కు వచ్చాయి. ఆయన నెలియస్‌కు రాసిచ్చాడు. నెలియస్ వాటిని సొంతూరు స్కెప్సిస్‌కు తీసుకుపోయాడు, ఇప్పటి టర్కీలో ఉంది. వారసులకు చదువు మీద ఆసక్తి లేదు. పెర్గమమ్ రాజులు గ్రంథాలయం కోసం పుస్తకాలు వెతికిస్తున్నారని తెలిసి నేలమాళిగలో దాచేశారు. తేమ, పురుగులు పని కానిచ్చాయి. తర్వాత అపెల్లికాన్ అనే సంపన్నుడు కొని, చిరుగులున్న చోట తోచింది పూరించి తప్పుల తడకగా వేయించాడు. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్‌ను పట్టుకున్నాక వాటిని రోముకు తెచ్చాడు. అక్కడ టిరానియాన్ సవరించాడు, ఆ తర్వాత రోడ్స్ వాడు ఆండ్రోనికస్ ఇప్పుడున్న వరసలో కూర్చాడు.

లెక్కల_మాష్టారు
కథ బాగుంటుంది, అందుకే దాని మీద నాకు అనుమానం. ఆ మధ్యకాలంలో అరిస్టాటిల్ పుస్తకాలు ఇంకెవరి దగ్గరా లేవనడం కుదరదు. ఎపిక్యూరస్‌కు కొన్ని తెలుసు. ఒకే ఒక్క ప్రతి నేలమాళిగలో ఉందన్నట్టు చెప్పడం స్ట్రాబో ముచ్చట.

పాత_కాగితం
ఒక్కటే ప్రతి అని నేననలేదు. స్ట్రాబో ఈ టిరానియాన్ దగ్గర చదువుకున్నాడు, కాబట్టి మొత్తం పుక్కిటి పురాణం అని కొట్టేయలేం.

లెక్కల_మాష్టారు
గురువుగారి గొప్ప శిష్యుడు చెప్పడంలో వింతేముంది.

కరీంనగర్_కాకా
మీ ఇద్దరూ ఇట్లనే కొట్లాడుకోండి, మాకు మంచిగ తెలుస్తుంది.

నిశాచరి
పాతవి పోవడమే కాదు, కొత్తవి దొరుకుతున్నాయి కూడా. నాకు ఈ పిచ్చి పట్టిందే దాని వల్ల. నేను చేసేది ఇమేజ్ ప్రాసెసింగ్ ఉద్యోగం, తత్వశాస్త్రం ఓనమాలు రావు.

క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు పాంపే పక్కన హెర్క్యులేనియం కూడా పూడిపోయింది. 1750లలో అక్కడ ఒక పెద్ద బంగళా తవ్వుతుంటే నల్లటి కట్టెముక్కల్లాంటివి వందల కొద్దీ దొరికాయి. బొగ్గనుకుని కొన్ని పారేశారు కూడా. అవి పుస్తకాల చుట్టలు. ప్రాచీన గ్రీకు, రోమన్ లోకం నుంచి పుస్తకాలతో సహా ఉన్నచోటే దొరికిన లైబ్రరీ ఇదొక్కటే. విప్పుదామంటే పొడైపోతాయి. పియాజియో అనే మతగురువు వాటిని దారాలకు వేలాడదీసి మెల్లగా విప్పే యంత్రం చేశాడు, రోజుకు కొన్ని మిల్లీమీటర్లు. అలా తెరిచినవాటిలో ఎక్కువ ఫిలోడెమస్‌వి. ఎపిక్యూరస్ మార్గంవాడు, క్రీ.పూ. 1వ శతాబ్దం. సత్తి అన్నా, నీకో శుభవార్త, క్రిసిప్పస్ పుస్తకాల ముక్కలు కూడా అక్కడ కొన్ని దొరికాయి. తర్కం మీదే ఒకటి.

ఇప్పుడు విప్పకుండానే చదువుతున్నారు. చుట్టను ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న కణ త్వరణ యంత్రంలో పెట్టి ఎక్స్‌రే స్కాన్ తీస్తారు. లోపలి పొరలను కంప్యూటర్లో ఒక్కొక్కటిగా చదును చేస్తారు. చిక్కెక్కడంటే, సిరా మసితో చేసింది, కాలిన పెపైరస్ కూడా కార్బనే. నలుపు మీద నలుపు, స్కాన్‌లో తేడా తెలియదు. అయితే సిరా ఉన్నచోట ఉపరితలం ఎండిన బురదలా సన్నగా పగిలి ఉంటుందని ఒకరు గంటల తరబడి బొమ్మలు చూసి పట్టుకున్నారు. ఆ పగుళ్లను గుర్తుపట్టేలా మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు నేర్పారు. 2023లో 21 ఏళ్ల అమెరికన్ స్టూడెంట్ ల్యూక్ ఫారిటర్ మొదటి పదం చదివాడు, ఊదా రంగు అనే మాట. 2024 ఫిబ్రవరిలో ముగ్గురు కుర్రాళ్లకు 7 లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. 15 నిలువు వరసల (కాలమ్‌ల) అక్షరాలు బయటపడ్డాయి.

మిరపకాయ్_బజ్జీ
7 లక్షల డాలర్లు పెట్టి చదివితే ఏముంది అందులో?

నిశాచరి
సంగీతం, తిండి. అరుదుగా దొరికేది కాబట్టి ఎక్కువ రుచి అని మనం వెంటనే నమ్మం అని ఒక వాక్యం. పిజ్జా మీద వేసే కేపర్స్ ప్రస్తావన కూడా ఉంది.

మిరపకాయ్_బజ్జీ
ఇది నేను ఊరికే చెప్పేవాణ్ని. సీజన్ మొదట్లో మామిడికాయకు డబ్బులెక్కువ, రుచి తక్కువ.

డల్లాస్_దొరసాని
ఇంత మాట్లాడారు, ఒక్క ఆడమనిషి పేరు రాలేదు. హిపార్కియా ఉంది. ఆస్తి, మర్యాదలు అక్కర్లేదనే సినిక్ తత్వవేత్త క్రేటీస్‌ను పెళ్లి చేసుకుని అతనితో పాటు విందులకు వెళ్లేది. థియోడోరస్ అనే పెద్దాయన దగ్గర ఒక వాదం పెట్టింది. థియోడోరస్ చేస్తే తప్పు కాని పని హిపార్కియా చేసినా తప్పు కాదు. థియోడోరస్ తనను తాను కొట్టుకుంటే తప్పు కాదు. కాబట్టి థియోడోరస్‌ను హిపార్కియా కొట్టినా తప్పు కాదు! ఆయనకు జవాబు తోచక ఆమె పైబట్ట లాగబోయాడట. ఆమె బెదరలేదు.

ఆమె గురించి మనకున్నది ఇలాంటి నాలుగు ముచ్చట్లే. ఆమె రాతలు పోయాయి, అయితే ఎవరూ వాటిని వెతికినట్టు కూడా కనబడదు.

లెక్కల_మాష్టారు
వాదంలో లొసుగు ఉందమ్మా. "తనను తాను" అనేదాన్ని "థియోడోరస్‌ను" అని మార్చేసింది.

డల్లాస్_దొరసాని
లొసుగు చూపించాల్సింది థియోడోరస్ కదా మాష్టారూ, ఆయన బట్ట లాగాడు.

కరీంనగర్_కాకా
ఒక్క దెబ్బకు ఇద్దరు పడ్డరు.

స్టోయిక్_సత్తి
నా మార్కస్ సంగతి వదిలేసి ఎక్కడికో పోయారు. ఆ పుస్తకం ఎలా బతికిందో చెప్పండి, దానికి బడి లేదు కదా.

పాత_కాగితం
వెంట్రుకవాసిలో బతికింది. 1559లో జ్యూరిచ్‌లో మొదటిసారి అచ్చయింది. ఆ అచ్చుకు వాడిన చేతిరాత ప్రతి తర్వాత కనబడకుండా పోయింది. అది కాక పూర్తి పుస్తకం ఉన్న పాత ప్రతి ఇంకొక్కటే, వాటికన్‌లో ఉంది, గ్రీకు 1950 నంబరు. అదే కట్టలో 81 ఎపిక్యూరియన్ సూక్తులు కూడా ఉన్నాయి, 1888లో కనిపెట్టారు. నీ స్టోయిక్ చక్రవర్తీ, ఆయన ప్రత్యర్థులూ ఒకే అట్టల మధ్య బతికారు.

ఆప్షనల్_అన్న
సత్తి అన్న వాట్సాప్ స్టేటస్ "దేవుళ్లు ఉంటే, న్యాయవంతులైతే నీ భక్తి చూడరు" అని మార్కస్ పేరుతో ఉంటుంది. అది ఏ పుస్తకంలో ఉందన్నా?

నిశాచరి
మార్కస్ పుస్తకంలో మాత్రం లేదు. "మనం పదేపదే చేసే పనులే మనం" అన్నది అరిస్టాటిల్ మాట కాదు, ఆయన భావాన్ని అమెరికన్ రచయిత విల్ డ్యురాంట్ 1926లో తన వాక్యంలో చెప్పాడు. సోక్రటీస్ పేరుతో తిరిగే "మార్పు రహస్యం" కొటేషన్ అయితే ఒక అమెరికన్ నవల్లో పెట్రోల్ బంకులో పనిచేసే పాత్రది. ఆ పాత్రకు సోక్రటీస్ అని ముద్దుపేరు.

గుంటూరు_ఘాటు
చివర్లో "విశ్వదాభిరామ" తగిలిస్తే వేమన అయిపోయినట్టే, కింద ఒక పాలరాతి బొమ్మ పెడితే మార్కస్ అయిపోతుంది.

స్టోయిక్_సత్తి
ఎవరన్నదైనా మాట మంచిదేగా. స్టేటస్ మార్చను.

సందేహాల_సాంబయ్య
మార్చకు బాబూ, పేరు ఒక్కటి తీసెయ్.

ఇంతకీ ఆ డయోజినీస్ లేయర్షియస్ జీవితాలు ఇందాకటి నుంచి వింటున్నాను, అది చదవొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత_కాగితం
పది భాగాలు, పాత ఇంగ్లిష్ అనువాదం నెట్‌లో ఉచితంగా ఉంది. 10వ భాగం మాత్రం తప్పక చదవండి. ఎపిక్యూరస్ రాసిన మూడు ఉత్తరాలు, 40 ముఖ్య సూత్రాలు పూర్తిగా అందులోనే ఉన్నాయి. ఎపిక్యూరస్ దాదాపు 300 చుట్టలు రాశాడని చెప్పిందీ ఈయనే, మూడు ఉత్తరాలు దక్కించిందీ ఈయనే. 7వ భాగం స్టోయిక్కులు, కాస్త ఎండుగా ఉంటుంది. సరదాకి అయితే 6, సినిక్కులు. చావు కథలు మాత్రం నమ్మకండి. క్రిసిప్పస్‌కు రెండు చావులు రాశాడు. ఒకదాంట్లో, తన అంజూరపు పళ్లు తింటున్న గాడిదను చూసి నవ్వీ నవ్వీ పోయాడు.

సందేహాల_సాంబయ్య
6 తెరిచాను. సినిక్ డయోజినీస్ పెద్ద జాడీలో కాపురం ఉండటానికి కారణం రాశాడు, ఎవరికో ఇల్లు చూసిపెట్టమని ఉత్తరం రాస్తే ఆ మనిషి ఆలస్యం చేశాడట! అందుకని జాడీలోకి దిగాడట. తన ఉత్తరాల్లో ఆయనే ఆ సంగతి చెప్పుకున్నాడని ఉంది. ఇదైనా సొంత మాటేనా?

పాత_కాగితం
డయోజినీస్ పేరుతో ఉత్తరాలు దక్కాయి, కానీ అవి ఆయన పోయిన చాలాకాలానికి వేరేవాళ్లు రాసినవి.

సందేహాల_సాంబయ్య
రాసినవాళ్లవి దక్కలేదు, రాయనివి దక్కాయి.

మిరపకాయ్_బజ్జీ
ఉత్తరం దొంగదైనా ఇల్లు చూస్తానని చూడని బ్రోకరు మాత్రం ఒరిజినలే. మా కూకట్‌పల్లిలో ఇప్పటికీ ఉన్నాడు.